మన యిండ్లలోనికి వచ్చిన యంత్రములు

నిజామాబాదు జిల్లాలోని జక్రాన్‌పల్లి, ఆర్మూరు ప్రాంతము పసుపు పంటకు ప్రసిద్ధి. తొలకరిలో విత్తిన పసుపు సంక్రాంతి దాటిన పిమ్మటగాని చేతికి రాదు. త్రవ్వి తీసిన దుంపలను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాదు మార్కెటు యార్డునకు చేర్చునప్పటికి ఇంటిల్లిపాది శ్రమయు అందులో కలిసియుండును. యార్డులో కొనువాడు కుప్పపైని మెరుపును చూచి ధర చెప్పడు. ఒక కొమ్మును తీసికొని విరుచును. అది ఫెళ్లున విరిగినదా, లోపలి రంగు ఎట్లున్నది, తేమ మిగిలియున్నదా అని చూచి, పిమ్మట ధర చెప్పును. అమ్మువానికిని ఈ పరీక్ష తెలిసినదే.

ఇట్టి పరీక్ష యెరిగిన మనమే, ఆ పంట సొమ్ముతో ఒక యంత్రమును కొనవలసి వచ్చినపుడు మాత్రము పైమెరుపును చూచి ధర చెల్లించుచున్నాము. యంత్రమును విరిచి చూచుటకు వీలులేదు గదా యని కొందరందురు. నిజమే. కాని దాని వంశచరిత్రను చూడవచ్చును. మన యింటికి నేడు వచ్చుచున్న ప్రతి పరికరమునకును ముందు వచ్చిన అన్నలు కలరు. వారు మనయింట ఎట్లు మెలగిరో, ఎంత ఖర్చు పెట్టించిరో, ఎన్నాళ్లు నిలిచిరో తెలిసికొన్నచో, క్రొత్తగా వచ్చినవానిని ఏమి అడుగవలయునో మనకు తెలియును. ఈ ప్రసంగకర్తకు క్రొత్త యంత్రములనిన ప్రీతి మెండు. యంత్రములు వలదని చెప్పుట ఇచ్చటి ఉద్దేశము కాదు. ఇష్టపడి కొన్న వస్తువు ఇంటికి బరువు కాకుండ ఉండవలెననునదియే చెప్పదలచినది.

వరుసలో మొదటిది రేడియో. హైదరాబాదు నగరమున 1933లో చిన్నదైన ఒక స్వంత ప్రసార కేంద్రము మొదలైనది. 1935లో నిజాము ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొన్నది. తరువాత అది దక్కన్ రేడియో యను పేర పనిచేసినది. తెలుగు ప్రసంగములు, సంగీతము 1938లో ప్రారంభమైన మద్రాసు కేంద్రము నుండియు, 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రము నుండియు వినవచ్చుచుండెను. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రము ఆకాశవాణిలో చేరినది.

ఆనాటి రేడియో వాల్వులతో పనిచేయునది. వాల్వులోని తీగ వేడెక్కినగాని శబ్దము రాదు. కనుక మీట త్రిప్పి కొంతసేపు ఓపికతో కూర్చుండవలెను. మేడమీద గాని రెండు గుంజల నడుమ గాని ఏరియలు తీగ కట్టవలెను, నేలలో భూబంధపు తీగ పాతవలెను. విద్యుత్తు అప్పటికి చాల గ్రామములకు చేరలేదు. అట్టిచోట్ల వాల్వు రేడియోకు రెండు విధములైన బ్యాటరీలు కావలసి యుండెను. తీగను వేడిచేయుటకు 1.5 వోల్టులది ఒకటి, శబ్దమును నడిపించుటకు 90 వోల్టులది మరియొకటి. ఈ పొడి బ్యాటరీ ఒకసారి అయిపోయినచో మరల నింపుటకు వీలులేదు. పారవేసి క్రొత్తది కొనవలసినదే. దీనికి తోడు లైసెన్సు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ననుసరించి లైసెన్సు లేక రేడియో ఉంచుకొనుట నేరము. 1960 దశకములో ఇంటి రేడియోకు ఏడాదికి 15 రూపాయలు తపాలా కార్యాలయమున చెల్లించి, చిన్న పుస్తకములో బిళ్ల అంటించుకొనిన పెద్దలు ఇప్పటికిని అనేకులు కలరు. ఈ లైసెన్సు పద్ధతి 1980 దశకపు మధ్యభాగములో తొలగిపోయినది.

తెలంగాణములో ఇంకొక చిక్కు ఉండెడిది. ఇచ్చట చెలామణిలోనున్న నాణెము హాలీ సిక్కా. బయటినుండి వచ్చు సరుకునకు కల్దారు రూపాయలలో లెక్క. 1950 తరువాత 7 హాలీ రూపాయలు 6 భారత రూపాయలతో సమానమని నిర్ణయించిరి. 1959లో హాలీ నాణెము పూర్తిగా రద్దయినది. అనగా ఆనాటి కొనుగోలుదారుడు ధర చీటీని చూచినంతనే మనస్సులో రెండవ లెక్క వేసికొనుట అలవాటు చేసికొన్నవాడు. ఈ అలవాటు మంచిది. యంత్రము విషయమున చీటీపైనున్నది మొదటి ధర మాత్రమే. బ్యాటరీ, లైసెన్సు, ఏరియలు, వాల్వు మార్పు వీనిని కలిపినపుడు తేలునది అసలు ధర. వాల్వు రేడియో మనకు నేర్పిన మొదటి పాఠమిది.

రెండవ పాఠము ట్రాన్సిస్టరు నేర్పినది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బార్డీన్, బ్రాటెన్, షాక్లీ యనువారల కృషివలన ఈ చిన్న సాధనము పుట్టినది. 1954లో రీజెన్సీ సంస్థ దానితో చేసిన తొలి జేబు రేడియోను 49.95 డాలర్లకు అమ్మకమునకు పెట్టినది. మరుసటి సంవత్సరమే జపానులో సోనీ సంస్థయు ట్రాన్సిస్టరు రేడియోను తెచ్చినది. వేడెక్కవలసిన తీగ లేదు, 90 వోల్టుల బ్యాటరీ లేదు. టార్చిలైటునకు వాడు సెల్లులే చాలును. రేడియో గూటిలోనుండి దిగి పొలము గట్టుమీదికి నడిచివచ్చినది. మోటబావి యొద్ద, ఎడ్లబండి పైన, పసుపు ఉడికించు బట్టీ ప్రక్కన పాట వినవచ్చినది.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపవలెను. 1960 దశకములో ట్రాన్సిస్టరు రేడియోలపై వాని సంఖ్యను పెద్ద అక్షరములతో అచ్చువేయుట ఆచారమైనది. ఆరు ట్రాన్సిస్టర్లు, ఎనిమిది ట్రాన్సిస్టర్లు, పది ట్రాన్సిస్టర్లు అని. సంఖ్య హెచ్చినకొలది రేడియో గొప్పదని కొనువారు తలచిరి. దీనిని కనిపెట్టిన కొందరు విదేశ తయారీదారులు ఏ పనియు చేయని ట్రాన్సిస్టర్లను లోపల అతికించి సంఖ్యను పెంచిరి. అవి అక్కడ ఉన్నమాట నిజము. పనిచేయుచున్నవా యన్న ప్రశ్నను మాత్రము ఎవరును అడుగలేదు. నేడు సెల్‌ఫోను వెనుక ఎన్ని కెమెరా కన్నులున్నవో లెక్కించి ధర హెచ్చించుకొనుచున్న మనకు ఈ కథ పాతది కాదు. సంఖ్యను చూపినవానిని, దానివలన నాకు జరుగు పని యేదియని అడుగవలెను.

బ్యాండుల విషయమును అట్టిదే. మీడియం వేవు ఒక్కటియున్న రేడియో చవుక. షార్టు వేవు కూడ ఉన్నది ప్రియము. సిలోను రేడియో పాటలు వినగోరి అనేకులు ప్రియమైనదానినే కొనిరి. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించిన పిమ్మట సినిమాపాటకు అంత దూరము పోవలసిన అగత్యము తగ్గినది. ఒక్క కోరికకొరకు కొన్న అదనపు శక్తి, ఆ కోరిక మరియొక చోట తీరినంతనే పెట్టెలో నిద్రపోవును.

అయినను రేడియోలో ఒక సుగుణము కలదు. కొనినవాడు ఒకడు, వినినవారు పదిమంది. 1956లో పూనా కేంద్రము యునెస్కో సహాయముతో 150 గ్రామములలో రేడియో వ్యవసాయ గోష్ఠులను నడిపి చూచినది. రైతులు గుంపుగా కూడి వినుట, విన్నదానిని చర్చించుట, సందేహములను కేంద్రమునకు వ్రాయుట అందలి పద్ధతి. 1959లో ఈ పద్ధతి దేశమంతట వ్యాపించినది. ఒక పరికరము విలువను దానిని వాడుకొనువారి సంఖ్యతో భాగించినచో, రేడియో వంటి చవుకయైన వస్తువు మరియొకటి లేదు.

ఇక మన హైదరాబాదు చరిత్రలోనికి వత్తము. 1967లో అణుశక్తి శాఖ క్రింద ఇచ్చట ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపితమైనది. జనులు దీనిని ఇ.సి.ఐ.ఎల్. అందురు. దీనికి ప్రాణముపోసినవారు అయ్యగారి సాంబశివరావుగారు, పశ్చిమగోదావరి జిల్లా మోగల్లునకు చెందినవారు. నగరములోని ఎ.ఎస్. రావు నగరు వారి పేరనే వెలసినది. ఈ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసినది. దేశమున తయారై అమ్మకమునకు సిద్ధమైన తొలి కంప్యూటరులలో అది యొకటి. 1978లో ఐ.బి.ఎం. సంస్థ భారతదేశమును విడిచిపోయినపుడు, స్వదేశమున కంప్యూటరు చేయగల చేతులున్నవన్న ధైర్యమునకు ఇట్టి సంస్థలే ఆధారమైనవి.

ఇదే సంస్థ టెలివిజను పెట్టెలను కూడ చేసినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సైటు అను ప్రయోగము నడిచినది. అమెరికావారి ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్ మొదలుగాగల ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములను నేరుగా పంపిరి. గ్రామములలోని సామూహిక టెలివిజనులు హైదరాబాదులో తయారైనవి. కోళ్లగూటికి వాడునట్టి ఇనుపతీగ జాలితో చేసిన గొడుగు వంటి ఏరియలు వానికి అమర్చిరి. బడియెదుట ఒక్క పెట్టె, దాని ముందు ఊరంతయు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. 1982లో వర్ణ ప్రసారములు వచ్చినవి. పిమ్మట టెలివిజను బడియెదుటి నుండి లేచి, ఇంటి నడవలోనికి వచ్చి కూర్చుండినది. ఊరి వస్తువు ఇంటి వస్తువైనది. సౌకర్యము హెచ్చినది, ఖర్చును ఇంటింటికి హెచ్చినది.

హైదరాబాదు ఆల్విన్ కథయు ఇచ్చట చెప్పుకొనదగినది. 1942లో పుట్టిన ఈ సంస్థ ఇనుప బీరువాలు, బస్సుల కట్టుబడి, రెఫ్రిజిరేటర్లు చేసి, తరువాత జపానుదేశపు సీకో సంస్థ సహకారముతో చేతిగడియారములను చేసినది. ఒకనాడు పెండ్లికుమారునికి ఆల్విన్ గడియారము, కొత్త కాపురమునకు ఆల్విన్ బీరువా మర్యాదగా ఉండెడివి. 1990 దశకములో ఆ సంస్థ విచ్ఛిన్నమైనది. బీరువాకు చిక్కు లేదు, ఇనుము ఇనుముగనే నిలిచినది. చక్రములు, యంత్రభాగములు గల వస్తువునకు మాత్రము, చేసినవాడు పోయినచో విడిభాగము దొరకుట కష్టము. వస్తువు ఎంత మంచిదైనను దాని ఆయుస్సు చేసినవాని ఆయుస్సుతో ముడిపడియుండునని కొనువాడు గుర్తింపవలెను.

నిజామాబాదు, కరీంనగరు జిల్లాలలో యంత్రములు ప్రవేశించిన ఇంకొక ద్వారము కలదు. అది గల్ఫు దేశముల త్రోవ. 1973 తరువాత చమురు ధర పెరిగి ఆ దేశములలో పనులు హెచ్చగా, ఆర్మూరు ప్రాంతపు పల్లెలనుండియు యువకులు అనేకులు పోయిరి. సెలవునకు వచ్చునపుడు వారు తెచ్చిన వస్తువులలో ముఖ్యమైనది టూ-ఇన్-వన్, అనగా రేడియోయు టేపురికార్డరును ఒక్కటిగాగల పెట్టె. దానిపని పాటలతో ముగియలేదు. అక్షరము రాని తల్లి తన మాటలను కేసెట్టులోనికి చెప్పి పంపగా, కొడుకు అక్కడ వినెడివాడు. కొడుకు గొంతు తిరుగుటపాలో వచ్చెడిది. ఉత్తరము వ్రాయలేనివారికి ఒక యంత్రము ఉత్తరమైనది. ఇట్టి ఉపయోగమును ఏ దుకాణదారుడును ముందుగా చెప్పలేదు. అవసరమే దానిని కనిపెట్టినది.

అయితే అక్కడ కొన్న వస్తువు ఇక్కడ పనిచేయునా యను ప్రశ్న అప్పుడే పుట్టినది. సౌదీ అరేబియాలో ఇండ్లకు 127 వోల్టుల విద్యుత్తు వాడుకలో నుండెను. మన యింటి విద్యుత్తు 230 వోల్టులు. పెట్టె వెనుకనున్న చిన్న మీటను త్రిప్పక ప్లగ్గు పెట్టినచో, ఏండ్ల కష్టఫలము క్షణములో పొగయగును. మీట లేని పెట్టెకు వేరుగా ట్రాన్స్‌ఫార్మరు కొనవలసివచ్చును. దూరపు కొండలు నునుపన్న సామెత దూరపు సరుకునకును వర్తించును.

ఇంటి కంప్యూటరు కథ ఇంకను చిత్రమైనది. 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ సంస్థ స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరును తెచ్చినది. దానికి తెర లేదు, ఇంటి టెలివిజనే తెర. ప్రోగ్రాములను దాచుటకు టేపురికార్డరే భాండాగారము. 1986లో భారతదేశమునను దీనిని అనుమతితో తయారుచేసి అమ్మిరి. దాని జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు అంతకు అనేకరెట్లు చోటు కావలెను. అయినను ఆ కొద్దిపాటి చోటులోనే పిల్లలు ఆటలు ఆడిరి, ఆటలను స్వయముగా వ్రాసిరి. మీట నొక్కినంతనే అది యజమానిని ప్రోగ్రాము వ్రాయుమని అడుగునట్లు నిర్మితమైనది. 1984లో ప్రభుత్వము కొన్ని పాఠశాలలకు బ్రిటిషు అకార్న్ సంస్థ రూపొందించిన కంప్యూటరులను ఇచ్చి విద్యాబోధనకు పథకము నడిపినది.

ఈ యంత్రములు కొలది సంవత్సరములలోనే మూలబడినవి. కారణము అవి చెడిపోవుట కాదు. వానికొరకు ప్రోగ్రాములు వ్రాయువారు మరియొక జాతి యంత్రమునకు మారిపోయిరి. కేసెట్టులోని ఆట దాని యంత్రములో తప్ప మరొకదానిలో ఆడదు. 1983లో జపానులో నింటెండో తెచ్చిన ఆటపెట్టెకు, తరువాత మన బజారులలోనికి వచ్చిన దాని నకళ్లకు గూడ ఇదే నియమము. ఆటలను కొనువాడు ఆటను మాత్రమే కొనుచున్నాననుకొనును. నిజమునకు అతడు ఒక యింటి అల్లుడగుచున్నాడు. ఆ యింటివారు తలుపు మూసినచో అతని ఆటలన్నియు బయటనే నిలుచును. నేడు కేసెట్టును లేదు, బిళ్లయు లేదు. డబ్బు చెల్లించి పొందినది ఎక్కడనో దూరపు యంత్రములో నుండును. కావున ఈ హెచ్చరిక నాటికంటె నేడే అవసరము.

భాష విషయము వేరుగా చెప్పవలెను. ఆ తొలి కంప్యూటరులు తెలుగు నెరుగవు. 1991లో యూనికోడు మొదటి సంచిక వెలువడినపుడు అందు తెలుగు లిపికి స్థానము దొరకినది. అది తెరమీద అందరికిని సులభముగా కనబడుటకు ఇంకను పదియేండ్లు పట్టినది. ఎంత శక్తిగల యంత్రమైనను ఇంటివారి భాషలో మాటాడనిచో, ఇంటిలో ఒక్కనికే సేవకుడు, తక్కినవారికి అతిథి. కొనుటకు ముందు తెలుగు చదువగలదా, తెలుగు వ్రాయనిచ్చునా యని దుకాణములోనే పరీక్షించుట బిడియపడవలసిన విషయము కాదు.

సెల్‌ఫోను మన దేశమున 1995 జూలై 31న మాటాడ నారంభించినది. అప్పుడు పిలిచినవాడును పిలుపు అందుకొన్నవాడును డబ్బు చెల్లించవలసినదే. 2003లో పిలిచినవాడే చెల్లించు పద్ధతి వచ్చినది. అప్పటినుండి అది పొలమునకు వచ్చినది. అదే సంవత్సరము వెలువడిన నోకియా 1100 అను ఫోను సామాన్యునికొరకు ఆలోచించి చేసినది. మీటలలోనికి ధూళి చొరదు, తడిచేతినుండి జారదు, తలపై చిన్న దీపము కలదు. రాత్రివేళ మోటారు వేయబోవు రైతునకు ఆ దీపము విలువ తెలియును. ప్రపంచమున ఇరువదియైదు కోట్లకు పైగా అమ్ముడైన ఆ ఫోనులో కెమెరాయే లేదు.

2016 ఏప్రిల్‌లో జాతీయ వ్యవసాయ విపణి యను ఎలక్ట్రానిక్ పద్ధతి ప్రారంభమైనపుడు, తొలి మార్కెట్లలో నిజామాబాదు యార్డు చేరినది. పసుపు ధరను తెరమీద చూచు కాలము వచ్చినది. 2020 సెప్టెంబరు 1న, కరోనా వలన బడులు మూతపడియున్న వేళ, తెలంగాణములో పాఠములు దూరదర్శన్ యాదగిరి ద్వారాను టి-శాట్ ద్వారాను ప్రారంభమైనవి. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట ఒక్క సెల్‌ఫోను చాలకపోయినది. కొందరు అప్పుచేసి కొనిరి. పాతదని మూలనుంచిన టెలివిజను మాత్రము ఆ పిల్లలందరిని ఒక్కసారి కూర్చుండబెట్టి పాఠము చెప్పినది. క్రొత్తది వచ్చినదని పాతదానిని తూకమునకు వేయ తొందరపడకుండుటకు ఇంతకంటె వేరు కారణము కావలెనా?

ఈ తొంబది యేండ్ల అనుభవమునుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. మొదట పనిని నిర్ణయించుకొని తరువాత యంత్రమును వెదకవలెను. యంత్రమును చూచి పనిని కల్పించుకొనుట వలదు. రెండవది, ధరకు ఐదేండ్ల ఖర్చును కలిపి చూడవలెను. నాడు బ్యాటరీ, లైసెన్సు. నేడు నెలనెల చెల్లించు రీఛార్జి, పగిలిన తెర మార్పు. మూడవది, ఆర్మూరులోనో నిజామాబాదులోనో బాగుచేయువాడు, విడిభాగము దొరకునా యని ముందే అడుగవలెను. నాలుగవది, ఇంటిలో ఎందరికి ఉపయోగమో లెక్కింపవలెను. ఐదవది, కొత్తగా వెలువడిన మొదటినెలలోనే కొనవలసిన అగత్యము వ్యసనపరునికి తప్ప సంసారికి లేదు. ట్రాన్సిస్టరునుండి సెల్‌ఫోను వరకు వేచినవానికి ధర తగ్గినది, లోపములు తీరినవి. ఈ ప్రసంగకర్త ఆ వ్యసనపరుల కూటమిలోనివాడే కనుక ఈ మాట అనుభవముతో చెప్పుచున్నాడు.

చట్టమును మనకు తోడుగా నున్నది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దానిస్థానమున వచ్చిన 2019 నాటి చట్టము 2020 జూలై నుండి అమలులోనున్నది. ఇంటినుండియే తెప్పించుకొన్న వస్తువులకును ఇది వర్తించును. అమ్మినవాడు ఏ నగరముననున్నను, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోని కమిషనుముందే ఫిర్యాదు చేయవచ్చును. దీనికి ఆధారము రసీదు. పదిరూపాయలు తగ్గునని రసీదు లేక కొన్నవాడు ఈ హక్కును ఆ పదిరూపాయలకు అమ్ముకొన్నవాడగును.

పాత వాల్వు రేడియోలు ఇప్పటికిని కొన్ని యిండ్లలో గుడ్డకప్పి యున్నవి. వానిని తెరచి చూచినచో లోపలి ప్రతి తీగయు కంటికి కనబడును, ఏది ఎక్కడ అతికినదో తెలియును, వెనుకపలకపై అమరిక చిత్రము అంటించియుండును. చేసినవాడు కొన్నవానిని యజమానిగా భావించిన కాలపు గుర్తు అది. రేపు మన పిల్లలకు యంత్రమును కొనియిచ్చునపుడు, వారినిగూడ దానికి యజమానులుగా నుంచునది యేదో చూచి ఇత్తము.